షానామా ఘట్టానికి గేమ్ థియరీ ఎలా వాడాలి? రుస్తుం–సోహ్రాబ్ కథతో మొదటి అభ్యాసం

"రుస్తుం తన పేరెందుకు చెప్పలేదు?" షానామా ప్రస్తావన వస్తే చాలు, చదివినవాళ్లు మొదట అడిగేది ఇదే. ఈ పారసీక ఇతిహాస కావ్యంలో ఇరాన్ వీరుడు రుస్తుం, శత్రుదేశం తురాన్ తరఫున వచ్చిన సోహ్రాబ్ తన కొడుకేనని తెలియక, పేరు దాచి పోరాడి చంపేస్తాడు. ఆ వెంటనే రెండో ప్రశ్న: "దీన్ని గేమ్ థియరీతో లెక్కగట్టొచ్చా?" గేమ్ థియరీ అంటే, ఫలితం ఎదుటివాళ్ల నిర్ణయం మీద కూడా ఆధారపడే చోట ఏ నిర్ణయం మేలో తేల్చే గణితం. గట్టొచ్చు. లెక్కల్లో మీరు గట్టివారు కాకపోయినా పరవాలేదు, పదో తరగతి సంభావ్యత సరిపోతుంది. అయితే మొదటిసారి చేసేవాళ్లలో చాలామంది కాగితం తీయగానే గళ్లు గీసి అంకెలు నింపేస్తారు. చివరికి "రుస్తుం మూర్ఖుడు" అనో "సోహ్రాబ్ అమాయకుడు" అనో తేలుతుంది. అలా తేలితే కావ్యాన్ని సరిగా చదవలేదనే అర్థం. ఆ పొరపాటు జరగకుండా ఎలా చేయాలో వరసగా చెప్తాను.

కావలసినవి

ముందు పాఠం. ఫిరదౌసి 1010లో పూర్తి చేసిన షానామాలో దాదాపు 50,000 బైతులున్నాయి. బైతు అంటే రెండు పాదాల పద్యం. అదంతా చదవనక్కర్లేదు, సోహ్రాబ్ కథ వరకు సుమారు 1,000 బైతులు. పారసీకం రానివాళ్లకు రెండు ఇంగ్లిష్ అనువాదాలు చాలు. వార్నర్ సోదరుల తొమ్మిది సంపుటాల పద్యానువాదం పాతది, భాష కాస్త బరువు. డిక్ డేవిస్ అనువాదం ఎక్కువగా వచనం, హాయిగా సాగుతుంది. రెండూ దగ్గర పెట్టుకోండి. ఒకదానిలో ఒక మాట నిర్ణయాన్ని మలుపు తిప్పేలా కనిపిస్తే, రెండోదానిలోనూ ఉందో లేదో చూడాలి.

తర్వాత తెల్ల కాగితాలు, రెండు రంగుల పెన్నులు. నలుపుతో కావ్యంలో ఉన్నది మాత్రమే రాయండి. ఎరుపుతో మీ ఊహ రాయండి. ఈ నియమాన్ని ఒక్కసారి కూడా సడలించకండి.

గేమ్ థియరీ నుంచి నాలుగు మాటలు తెలిస్తే చాలు: ఆటగాడు, ఎత్తు, సమాచారం, ప్రతిఫలం (ఒక్కో ఫలితం ఆటగాడికి ఎంత విలువైనదో). ఈ గణితాన్ని తీర్చిదిద్దిన నాష్, హార్సాన్యి, సెల్టెన్‌ల సిద్ధాంతాలు తర్వాత చదువుకోవచ్చు. వీళ్లలో హార్సాన్యి మనకు ఎక్కువ పనికొస్తాడు. ఎదుటివాడెవడో తెలియని స్థితిలో ఆట ఎలా ఆడాలన్నది ఆయన 1967–68లో ప్రచురించిన పని. సోహ్రాబ్ కథ మొత్తం ఆ స్థితి మీదే నడుస్తుంది.

1. ఒక్క నిర్ణయాన్ని ఎంచుకోండి

కథను కాదు, నిర్ణయాన్ని. "రుస్తుం–సోహ్రాబ్ ఆట" అని ఒకటి లేదు. ఆ కథలో కనీసం ఐదు వేర్వేరు ఆటలున్నాయి. తురాన్ రాజు అఫ్రాసియాబ్ సోహ్రాబ్‌కు సైన్యం ఇవ్వడం ఒకటి. ఇరాన్ డేరాల్లో రుస్తుందేదో చెప్పకుండా, సోహ్రాబ్‌కు బందీగా చిక్కిన ఇరాన్ వీరుడు హజీర్ అబద్ధమాడటం ఒకటి. రుస్తుం పేరు దాచడం, కింద పడ్డ రుస్తుంను సోహ్రాబ్ వదిలేయడం, చావుబతుకుల్లో ఉన్న సోహ్రాబ్‌కు ఇరాన్ రాజు కైకావూస్ మందు ఇవ్వకపోవడం మిగతా మూడు. ఎంచుకున్న నిర్ణయాన్ని ఒక వాక్యంలో రాయండి: "ఫలానా వ్యక్తి, ఫలానా క్షణంలో, ఇది చేయాలా అది చేయాలా?" వాక్యం రెండు లైన్లు దాటితే అందులో రెండు ఆటలు కలిసిపోయాయని గుర్తు. విడదీయండి.

2. ఆటగాళ్లను రాయండి, విధిని మాత్రం కాదు

షానామాలో ఆకాశచక్రం, విధి అడుగడుగునా వస్తాయి. సోహ్రాబ్ కథ మొదలయ్యేదే పండని నారింజను నేలరాల్చే గాలితో. అది న్యాయమా అన్యాయమా అని కవి అడుగుతాడు. అయినా విధిని ఆటగాడిగా పెట్టకండి. దానికి కోరికలు, ఎత్తుగడలు ఉన్నట్టు కావ్యం చూపించదు. విధికి ఒక గడి ఇస్తే మిగతావాళ్ల నిర్ణయాలన్నీ దాని ఖాతాలోకి పోతాయి, ఇక విశ్లేషించడానికి ఏమీ మిగలదు. అనుకోకుండా జరిగినదాన్ని "సంభావ్యత" అని రాసుకుంటే చాలు.

పక్కన నిలబడ్డవాళ్లను మాత్రం మరవకండి. హూమాన్, బర్మాన్ అనే ఇద్దరు తురాన్ సేనానులు సోహ్రాబ్ వెంటే ఉన్నారు. తండ్రీకొడుకులు ఒకరినొకరు గుర్తుపట్టకుండా చూడమని వాళ్లకు అఫ్రాసియాబ్ ఆజ్ఞ. వాళ్లను తీసేస్తే, సోహ్రాబ్ అందరి ముందూ "నేను రుస్తుం కొడుకుని" అని ఎందుకు అరవలేదో మీకు ఎప్పటికీ అర్థం కాదు.

3. ఎవరికేం తెలుసో పట్టిక గీయండి

మొత్తం పనిలో సగం ఇదే. తొందరపడొద్దు. ప్రతి పాత్రకూ మూడు గడులు: తెలిసినది, తెలియనిది, తప్పుగా నమ్మినది. మూడో గడే అన్నిటికంటే విలువైనది.

రుస్తుం: సమంగాన్ రాజు కూతురు తహ్‌మీనాకు తన వల్ల కొడుకు పుట్టాడని తెలుసు. వాడింకా పసివాడని నమ్ముతున్నాడు. ఆ మాట తోటి ఇరాన్ వీరుడు గీవ్‌తో స్వయంగా అంటాడు. కాబట్టి తన ముందున్న యోధుడు తన కొడుకు కావచ్చన్న ఆలోచనకే అతని మనసులో చోటు లేదు.

సోహ్రాబ్: తండ్రి రుస్తుం అని తెలుసు. మొహం తెలియదు. చేతికి తండ్రి ఇచ్చిన పూస ఉంది, అది కవచం కింద ఉంది. ఈ రహస్యం అఫ్రాసియాబ్ చెవిన పడకూడదని తల్లి హెచ్చరించింది.

హజీర్: రుస్తుం డేరా ఏదో తెలుసు. సోహ్రాబ్ ఎవరి కొడుకో తెలియదు. సోహ్రాబ్ రుస్తుంను చంపడానికే వెతుకుతున్నాడని నమ్ముతున్నాడు.

ఝందే రజ్మ్: తహ్‌మీనా సోదరుడు. రుస్తుంను గుర్తుపట్టగలిగినవాడు, అందుకే సోహ్రాబ్ వెంట వచ్చాడు. రాత్రి మారువేషంలో శత్రుశిబిరం చూడటానికి వచ్చిన రుస్తుం చేతిలోనే, ఎవరో తెలియకుండా చనిపోతాడు. పట్టికలో ఈ వరస కొట్టేసిన క్షణం నుంచి సోహ్రాబ్‌కు నిజం తెలుసుకునే దారి ఒక్క హజీర్ నోరే. ఇది పట్టిక గీస్తేనే స్పష్టంగా కనిపిస్తుంది.

హెచ్చరిక: మనకు ఇక్కడ ఒక ప్రత్యేకమైన చిక్కుంది. చిన్నప్పటి నుంచి భారతం విన్న చెవులతో ఈ కథ వింటాం. కర్ణుడు, బభ్రువాహనుడు వెంటనే గుర్తొస్తారు. కానీ కర్ణుడికి యుద్ధానికి ముందే కృష్ణుడూ కుంతీ నిజం చెప్పారు. ఎదుట ఉన్నది తండ్రి అర్జునుడే అని బభ్రువాహనుడికి తెలుసు. ఆ రెండూ తెలిసి ఆడిన ఆటలు. ఇక్కడ ఇద్దరికీ తెలియదు, ఒకరికి అనుమానం మాత్రం ఉంది. భావం దగ్గరగా ఉన్నా ఆట పూర్తిగా వేరు. ఆ పట్టికను ఇక్కడికి తెచ్చి అతికించకండి.

4. ప్రతిఫలాలు కావ్యం నుంచే తీయండి

"ప్రాణం = 10, పరువు = 5" అని ముందే అనుకోవద్దు. పాత్ర దేనికోసం దేన్ని వదులుకుందో చూడండి. హజీర్ తనలో తాను అనుకునే మాటలు కావ్యంలోనే ఉన్నాయి: రుస్తుంను చూపిస్తే ఇరాన్‌కు దిక్కుండదు, తాను చచ్చినా తండ్రి గూదర్జ్, అన్నదమ్ములు మిగిలే ఉంటారు. అంటే అతని లెక్కలో దేశం పైన, తన ప్రాణం కింద. నల్లపెన్నుతో రాయదగ్గ ప్రతిఫలం ఇది.

మొదట అంకెలొద్దు, వరస రాయండి: అన్నిటికంటే మంచిది, దాని తర్వాతది, అలా చివరిదాకా. చాలా ఘట్టాలకు ఈ వరసే సరిపోతుంది. సంభావ్యత లెక్కలోకి వచ్చినప్పుడు మాత్రం వరస చాలదు; ఎంత మంచిది, ఎంత చెడ్డది అన్న తేడా కూడా కావాలి. చాలామంది 1, 2, 3, 4 అని వరస ఇచ్చి, వాటినే సంభావ్యతతో గుణించేస్తారు. అది తప్పు. నాలుగో స్థానానికీ మూడో స్థానానికీ మధ్య దూరం ఎంతో వరస చెప్పదు.

పరువును, ఔదార్యాన్ని వదిలేయకండి. షానామా వీరుల పట్టికలో అవి లేకపోతే లెక్క ఎప్పుడూ తప్పుతుంది.

5. లెక్క వేయండి: పేరు చెప్పాలా, దాచాలా?

ఇప్పుడు అసలు ప్రశ్నకు వద్దాం. రుస్తుం ముందు రెండు ఎత్తులు: పేరు చెప్పడం, దాచడం. ఎదుటివాడు రెండు రకాల్లో ఒకడు: శత్రువు లేదా కొడుకు. కొడుకు అయ్యే సంభావ్యతను "స" అనుకుందాం.

ఎదుటివాడు శత్రువైతే దాచడం కాస్త మేలు. తాను ఓడినా, "వీడే ఇంత యోధుడైతే ఇక రుస్తుం ఎలా ఉంటాడో" అన్న భయం శత్రువులో మిగులుతుంది. ఈ కారణం ఎరుపు పెన్నుది. కావ్యంలో రుస్తుం తాను రుస్తుం కాదనీ, అంతటివాణ్ని కాననీ అంటాడే తప్ప కారణం చెప్పడు. దాస్తే 3, చెప్తే 2 అని ఇద్దాం. ఎదుటివాడు కొడుకైతే చెప్పడం విలువ 10, దాచడం విలువ 0.

చెప్తే సగటు విలువ: 2 × (1 − స) + 10 × స = 2 + 8స
దాస్తే సగటు విలువ: 3 × (1 − స) + 0 = 3 − 3స

2 + 8స అన్నది 3 − 3స కంటే పెద్దదవ్వాలంటే, స విలువ 11లో 1 వంతు దాటాలి. అంటే సుమారు 9 శాతం అనుమానం ఉన్నా పేరు చెప్పేయాలి.

ఇప్పుడు మూడో మెట్టు పట్టిక చూడండి. కొడుకు పసివాడని నమ్మిన రుస్తుంకు మొదటి రోజు స దాదాపు సున్నా. పేరు దాచడం మూర్ఖత్వం కాదు. అతనికి తెలిసినంతలో సరైన ఎత్తే.

రెండో రోజు ఉదయం సోహ్రాబ్ మెత్తబడతాడు. ఆయుధాలు పక్కన పెడదాం, కూర్చుని తాగుదాం, నా మనసు నీవైపు లాగుతోంది అంటాడు. ఇక్కడ స పెరగాలి. ఎంత? కొడుకైతే ఇలా మాట్లాడే అవకాశం 10లో 9, శత్రువు ఎత్తుగడగా ఇలా మాట్లాడే అవకాశం 10లో 1 అనుకుందాం. మొదటి అనుమానం 100లో 1 అయితే, కొడుకు–శత్రువు నిష్పత్తి 1:99. దాన్ని 9:1తో గుణిస్తే 9:99 అవుతుంది, అంటే 1:11. సంభావ్యత 12లో 1 వంతు, 8 శాతం పైచిలుకు. మన హద్దు 9 శాతం. ఇంత దగ్గరకొచ్చినా హద్దు దాటలేదు.

ఈ ఫలితం అంకెల దయ అని మరవకండి. కొడుకును చంపుకోవడం విలువ 0 కాదు, మైనస్ 100 అని పెట్టండి. హద్దు 111లో 1 వంతుకు పడిపోతుంది. అప్పుడు మొదటి రోజు ఉన్న 100లో 1 అనుమానమే పేరు చెప్పించడానికి చాలు. కాబట్టి ఈ లెక్క చెప్పే మాట ఇంతే: రుస్తుం నిర్ణయాన్ని నిలబెట్టేది అతని పరువు పట్టింపు ఒక్కటే కాదు, "వాడింకా పసివాడు" అన్న తప్పుడు నమ్మకం. సోహ్రాబ్ మెత్తని మాటలను రుస్తుం మోసంగా కొట్టిపారేస్తాడు, నీ మాయమాటలకు పడేవాణ్ని కాదంటాడు. శత్రువు కూడా అచ్చం అలాగే మాట్లాడతాడు అనుకున్నవాడికి ఎన్ని తియ్యని మాటలు విన్నా స పెరగదు.

6. మాటలను పరీక్షించండి

కావ్యంలో ఎవరైనా ఏదైనా చెప్పినప్పుడు ఈ ప్రశ్న వేయండి: ఇది నిజమైనా అబద్ధమైనా ఇతను ఇదే మాట అనేవాడా? అవునంటే, ఆ మాటలో సమాచారం లేదు.

కుస్తీలో సోహ్రాబ్ రుస్తుంను పడేసి కత్తి దూస్తాడు. కింద ఉన్న రుస్తుం అంటాడు: మా దగ్గర ఆచారం వేరు, మొదటిసారి పడగొట్టినవాణ్ని చంపరు, రెండోసారి పడగొడితేనే హక్కు. ప్రాణం మీదికొచ్చినవాడు ఆచారం ఉన్నా లేకపోయినా ఇదే అంటాడు. ఈ మాట విలువ సున్నా. మరి సోహ్రాబ్ ఎందుకు వదిలాడు? కవి మూడు కారణాలు చెప్తాడు: ధైర్యం, విధి, ఔదార్యం. మొదటిదానికి అర్థం మళ్లీ గెలవగలనన్న నమ్మకం. దాంతో వదిలేయడం వల్ల పోయేది అతని లెక్కలో తక్కువ. మూడోది ప్రతిఫలంలో నేరుగా చేరుతుంది. విధిని పక్కన పెట్టినా ఈ రెండూ కలిపితే అతని నిర్ణయం అర్థమవుతుంది. ఇతనే తన తండ్రి కావచ్చన్న అనుమానం కూడా తోడై ఉంటుందని నా ఊహ, అది ఎర్ర పెన్నుతో. తర్వాతి కుస్తీలో సోహ్రాబ్‌ను పడేసిన రుస్తుం ఆ ఆచారం ఊసే ఎత్తకుండా పొడిచేస్తాడు.

హజీర్ ఘట్టంలో మాట కంటే బహుమానం ముఖ్యం. రుస్తుంను చూపిస్తే సిరులిస్తానంటాడు సోహ్రాబ్, చూపకపోతే తల తీస్తానంటాడు. ఆశ పెంచితే నిజం వస్తుందని మామూలుగా అనుకుంటాం. ఇక్కడ తిరగబడింది. ఒక్క మనిషిని చూపించడానికి ఇంత ఇస్తానంటున్నాడంటే, వాణ్ని చంపడం ఇతనికి అంత అవసరమన్నమాట అని హజీర్ అనుకుని ఉంటాడు; ఇది ఎరుపు పెన్నుది. అలా అయితే ఆశ పెరిగేకొద్దీ అనుమానం పెరిగింది, అబద్ధం గట్టిపడింది. రుస్తుం పచ్చ డేరాను చూపి, ఎవరో చీనా నుంచి కొత్తగా వచ్చిన వీరుడిదని చెప్తాడు. ఈ కథలో నన్ను ఎక్కువగా బాధించే చోటు ఇదే. దేశం కోసం ప్రాణం పణంగా పెట్టినవాడి విధేయతే తండ్రీకొడుకుల మధ్య చివరి తలుపు మూసేసింది.

7. ఒకరి తర్వాత ఒకరు ఆడే ఆటను చివరి నుంచి లెక్కించండి

సోహ్రాబ్ ప్రాణాలతో ఉండగా, కైకావూస్ దగ్గరున్న నోష్‌దారు అనే మందు కోసం రుస్తుం గూదర్జ్‌ను పంపుతాడు. ముందు రాజు ఎత్తు: ఇవ్వడం లేదా ఇవ్వకపోవడం. తర్వాత రుస్తుం ఎత్తు: విధేయంగా ఉండటం లేదా తిరగబడటం. చివరిదాన్ని ముందు తేల్చండి. మందు ఇవ్వకపోతే రుస్తుం తిరగబడతాడా? కైకావూస్ దగ్గర ఆధారం ఉంది. కొద్దిరోజుల క్రితమే రాజుతో గొడవపడి వెళ్లిపోయిన రుస్తుం, ఆ తురాన్ యోధుడికి భయపడి వెళ్లిపోయాడంటారని గూదర్జ్ అనగానే తిరిగొచ్చాడు. మందు ఇస్తే? బతికిన సోహ్రాబ్, పక్కన రుస్తుం. కైకావూస్‌ను గద్దె దించుతానని బయల్దేరినవాడే సోహ్రాబ్. రాజు భయం అదే, పైకి చెప్పేస్తాడు కూడా. ఇవ్వకపోవడం నీచమే, కానీ అతని వరసలో అది తేలిగ్గా గెలుస్తుంది. మంచివాడా చెడ్డవాడా అన్న తీర్పు లెక్క పూర్తయ్యాక ఇవ్వండి, ముందు కాదు.

సరిగా వచ్చిందో లేదో ఎలా చూడాలి?

ప్రతి అంకెనూ ఒక్కొక్కటిగా పెంచి, తగ్గించి చూడండి. ఫలితం మారకపోతే అది గట్టిది. పేరు దాచే లెక్కలోలా మారిపోతే, ఏ అంకె దగ్గర మారిందో రాసి పెట్టండి. తరచుగా ఆ హద్దే మీ అసలు ఫలితం.

తర్వాత ఎర్ర పెన్ను రాతలన్నీ చేత్తో కప్పండి. నల్లవాటితోనే ముగింపు నిలబడుతుందా? లేకపోతే మీ ముగింపు కావ్యం గురించి కాదు, మీ ఊహ గురించి.

మూడోది, ప్రతుల తేడా. రుస్తుం ఒకప్పుడు తన బలం తగ్గించమని దేవుణ్ని వేడుకున్నాడనీ, చివరి కుస్తీకి ముందు దాన్ని తిరిగి పొందాడనీ కొన్ని ప్రతుల్లో ఉంది, కొన్నింట్లో లేదు. ఉంటే గెలుపు సంభావ్యత మారిపోతుంది. మీ లెక్క దాని మీద ఆధారపడితే, ఏ పాఠం వాడారో పైనే రాయండి.

ఎక్కువగా జరిగే పొరపాట్లు

పాఠకుడికి తెలిసింది పాత్రకు తెలుసనుకోవడం అన్నిటికంటే పెద్దది. పది మందిలో తొమ్మిది మంది ఇక్కడే జారతారని నా అంచనా. విరుగుడు: సోహ్రాబ్ చేతి పూస బయటపడే పద్యం దగ్గర గీత గీసి, దానికి తర్వాతది ఏదీ ముందు పట్టికలోకి రానివ్వకండి.

ప్రతి గొడవనూ "ఖైదీల సందిగ్ధం" అనేయడం ఇంకొకటి. అందులో ఇద్దరికీ ప్రతిఫలాలు తెలుసు; ఎదుటివాడు ఏం చేసినా ద్రోహమే లాభం, ఇద్దరూ ద్రోహం చేస్తే ఇద్దరికీ నష్టం, సమస్య అదే. ఇక్కడ సమస్య సమాచారానిది. ఆ నాలుగు గళ్ల పట్టికలో సోహ్రాబ్ కథ ఇమడదు.

లెక్క తేలని చోట అంకెలు సాగదీయడం కూడా మామూలే. తేలకపోతే తేలలేదని రాయండి.

తర్వాత ఏ ఘట్టం పట్టుకోవాలి?

ఎదుటివాడెవడో అన్న దాపరికం లేని ఆట కావాలంటే రుస్తుం, ఇరాన్ యువరాజు ఇస్ఫందియార్‌ల ఘట్టం తీసుకోండి. ఇక్కడ ఎదుట ఉన్నదెవరో ఇద్దరికీ బాగా తెలుసు. సంకెళ్లు తప్ప ఏదైనా సరే, నీ వెంట దర్బారుకు వస్తానంటాడు రుస్తుం. సంకెళ్లే కావాలంటాడు ఇస్ఫందియార్, ఎందుకంటే తండ్రి, ఇరాన్ రాజు గుష్తాస్ప్ ఆజ్ఞ అది, సింహాసనం దాని మీదే ఆధారపడింది. సగం సంకెళ్లు వేయడం కుదరదు. పంచుకోలేని వస్తువు మీద బేరం ఎందుకు తెగదో చూడటానికి దీన్ని మించిన ఘట్టం నాకు కనిపించలేదు. గుష్తాస్ప్‌ను మూడో ఆటగాడిగా తప్పక రాయండి. కొడుకు చావు రుస్తుం చేతిలో ఉందని ఆస్థాన జ్యోతిష్కుడు జామాస్ప్ చెప్పిన జోస్యం విన్నాకే అతన్ని పంపినవాడు ఆయన.

చిన్నది కావాలంటే జాషువా కావ్యం వల్ల మనకు బాగా పరిచయమైన ఫిరదౌసి–గజనీ మహమూద్ ఐతిహ్యం ఉంది. బైతుకో బంగారు నాణెం అన్న మాట, కావ్యం పూర్తయ్యాక చేతికొచ్చిన వెండి. రెండే ఎత్తులు: కవి ముందు రాస్తాడు, సుల్తాను తర్వాత చెల్లిస్తాడు. చివరి నుంచి లెక్కించండి. మాట తప్పినా సుల్తానుకు నష్టం లేని ఆట అది. చెల్లింపు విడతలను ఎలా పెడితే కవి నష్టపోడో కనుక్కోండి, ప్రతి విడత తర్వాత రాయడం ఆపే హక్కు కవికి ఉందనుకుని.